నాణెం ఒకటే, ఖజానాలు ఇరవై ఒకటి

2026 జనవరి 1న బల్గేరియాలో లెవ్ పోయి యూరో వచ్చింది. యూరో వాడే దేశాల్లో అది 21వది. షాపుల్లో ధరలను లెవ్‌లలో, యూరోలలో పక్కపక్కనే రాయడం నెలల ముందే మొదలైంది కాబట్టి జనానికి లెక్క కొత్త కాదు: యూరోకు 1.95583 లెవ్‌లు. ఈ వింత అంకె వెనక ఒక కథ ఉంది. 1997లో బ్యాంకులు కూలిపోయి, ధరలకు పట్టపగ్గాల్లేకుండా పోయినప్పుడు బల్గేరియా తన డబ్బును జర్మన్ మార్కుకు కట్టేసింది. రెండేళ్లకు ఆ మార్కే వెళ్లి యూరోలో కలిసింది, యూరోకు 1.95583 మార్కుల చొప్పున. మార్కుకు కట్టిన లెవ్ కూడా అదే అంకెతో వెంట వెళ్లింది. అంటే దాదాపు ముప్పై ఏళ్లుగా బల్గేరియా డబ్బు విలువ రాజధాని సోఫియాలో తేలడం లేదు. మొదట ఫ్రాంక్‌ఫర్ట్‌లోని జర్మన్ కేంద్ర బ్యాంకులో, తర్వాత అదే ఊళ్లోని ఐరోపా కేంద్ర బ్యాంకులో తేలుతూ వచ్చింది. ఇప్పుడు ఆ బ్యాంకు పాలకమండలిలో బల్గేరియాకూ ఒక ఓటు దక్కింది. యూరోలో చేరాక మారిందేమిటంటే ముఖ్యంగా ఇదే.

మారనిది ఖజానా. పన్నులెంత వేయాలి, పింఛన్లెంత ఇవ్వాలి, అప్పెంత తేవాలి అన్నవి ఇంకా సోఫియా పార్లమెంటు తేల్చుకోవాల్సినవే. యూరో రావడానికి మూడు వారాల ముందు అక్కడి ప్రభుత్వం రాజీనామా చేసింది కూడా. బడ్జెట్ మీద మొదలైన వీధి నిరసనలే దాన్ని అక్కడిదాకా తెచ్చాయి. కొత్త డబ్బు వచ్చేనాటికి ఆపద్ధర్మ ప్రభుత్వమే దిక్కు. ఇరవై ఒక్క దేశాలకు డబ్బు ఒకటే, వడ్డీ రేటు ఒకటే, బడ్జెట్లు మాత్రం ఇరవై ఒకటి. ఐరోపా ఏకీకరణ గురించి ఎన్ని సంగతులు చెప్పుకున్నా చివరికి చిక్కుముడి ఇక్కడే పడుతుంది.

భారతీయ పాఠకుడికి ఇది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. మన దగ్గర దేశం, రూపాయి, కేంద్ర ఖజానా, రాష్ట్రాల వాటాలు తేల్చే ఆర్థిక సంఘం అన్నీ ముందే వచ్చాయి. రానిదల్లా ఒకే మార్కెట్. తడ చెక్‌పోస్టు దగ్గర లారీలు గంటల తరబడి బారులు తీరడం 2017లో జీఎస్‌టీ వచ్చేదాకా మామూలే. ఐరోపాలో సరిగ్గా దీనికి ఎదురు: దేశాల మధ్య కస్టమ్స్ గేట్లు 1993లోనే తీసేశారు, ఉమ్మడి ఖజానా మాత్రం ఇప్పటికీ లేదు. ఐరోపా సమాఖ్య అంటే యూరో వాడనివాటితో కలిపి 27 దేశాలు. దాని బడ్జెట్ సభ్యదేశాల మొత్తం ఆదాయంలో సుమారు 1 శాతం. మన కేంద్ర ప్రభుత్వ ఖర్చు జీడీపీలో దాదాపు 15 శాతం. తెలుగు రాష్ట్రాలు మాకు రావాల్సింది రావడం లేదని ఢిల్లీతో కొట్లాడతాయంటే, పంచడానికి ఢిల్లీలో ఏదో ఉంది కాబట్టి. సమాఖ్య కార్యాలయాలుండే బ్రసెల్స్‌లో పంచడానికి ఉన్నది చాలా తక్కువ.

బొగ్గుతో మొదలుపెట్టడం ఎందుకు?

ఖజానాను వదిలి మార్కెట్‌తో మొదలుపెట్టడం ఎవరో బుద్ధిపూర్వకంగా వేసిన వరస కాదు. రాజకీయంగా ముందుకు పోయే దారి మూసుకుపోతే తిరిగిన పక్కదారి అది.

1950 మే 9న పారిస్‌లో ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఒక చిన్న ప్రకటన చదివాడు. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీల బొగ్గు, ఉక్కు ఉత్పత్తి మొత్తాన్ని ఒక ఉమ్మడి సంస్థ కిందికి తెద్దాం, చేరాలనుకునే మిగతా దేశాలు కూడా రావచ్చు అన్నది సారాంశం. రాసింది ఆయన కాదు, జాన్ మోనే. కోన్యాక్ పట్టణంలో బ్రాందీ వ్యాపారుల ఇంట పుట్టిన మోనే ఏ ఎన్నికల్లోనూ గెలిచినవాడు కాదు. మంత్రుల వెనక కూర్చుని కాగితాలు తయారుచేయడం ఆయన విద్య.

షూమన్ జీవితం చూస్తే ఈ ఆలోచన ఆయన చేతికే ఎందుకొచ్చిందో తెలుస్తుంది. పుట్టింది లక్సెంబర్గ్‌లో. తండ్రిది లొరేన్. 1871లో జర్మనీ ఆ ప్రాంతాన్ని లాక్కోవడంతో కొడుకు జర్మన్ పౌరుడిగా పెరిగాడు, జర్మన్ యూనివర్సిటీల్లో లా చదివాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అదే లొరేన్ ఫ్రాన్స్‌కు తిరిగొచ్చింది, ఆయన ఫ్రెంచ్ పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1871 నుంచి 1945 దాకా అల్సాస్, లొరేన్‌లు నాలుగుసార్లు చేతులు మారాయి. ఇటలీ ప్రధాని దె గాస్పెరి కూడా అలాంటివాడే. అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉన్న ట్రెంటినోలో పుట్టి, వియన్నా పార్లమెంటులో కూర్చున్న మనిషి. జర్మనీ నాయకుడు అడినావర్ రైన్ నది ఒడ్డున కొలోన్‌కు మేయరుగా చేసినవాడు. ముగ్గురూ సరిహద్దు ప్రాంతాల వాళ్లే, ముగ్గురికీ జర్మన్ వచ్చు. సరిహద్దు రాయి రాత్రికి రాత్రి జరిగితే ఇంట్లో ఏమవుతుందో వాళ్లకు పుస్తకాల్లో చదవాల్సిన పని లేదు.

బొగ్గు, ఉక్కు ఎందుకంటే, రెండు దేశాల గొడవలోనూ అసలు సరుకు అదే. రూర్ లోయలో జర్మన్ బొగ్గు, లొరేన్‌లో ఫ్రెంచ్ ఇనుప ఖనిజం. బొగ్గు లేనిదే ఉక్కు లేదు, ఉక్కు లేనిదే ఫిరంగి లేదు. యుద్ధమయ్యాక రూర్‌ను ఎల్లకాలం అణచిపెట్టి ఉంచుదామని ఫ్రాన్స్ చూసింది. జర్మనీ నిలదొక్కుకోవాలని అమెరికా పట్టుబట్టేసరికి ఆ ఆశ నీరుగారింది. అణచడం కుదరనప్పుడు కలిపేసుకోవడమే మేలన్నది మోనే లెక్క. ఆదర్శం ఉంది, కాదనలేం. దాని కింద అంతే మోతాదులో భయమూ ఉంది. 1951లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ సంతకాలు చేశాయి. బ్రిటన్ దూరంగా ఉండిపోయింది. బొగ్గు గనులను 1947లోనే జాతీయం చేసింది, వాటిని పరాయి సంస్థ చేతిలో పెట్టే ఉద్దేశం లండన్‌కు లేదు.

ఆ ఊపులో ఆరు దేశాలు ఉమ్మడి సైన్యం పెట్టుకుందామని కూడా ఒప్పందం రాసుకున్నాయి. ప్రతిపాదన ఫ్రాన్స్‌దే. 1954 ఆగస్టు 30న దాన్ని పడగొట్టింది కూడా ఫ్రాన్స్ పార్లమెంటే. సైన్యం పోవడంతో దానితోపాటు రావాల్సిన రాజకీయ కూటమీ పోయింది. సైన్యం, విదేశాంగం, పన్నులు లాంటి సార్వభౌమాధికారపు గుండెకాయలను నేరుగా ముట్టుకుంటే షాక్ కొడుతుందని అందరికీ అర్థమైంది. 1957 మార్చిలో రోమ్ ఒప్పందం కుదిరేనాటికి మాటంతా సుంకాలు, సరుకులు, పాలు, గోధుమల మీదికి మళ్లింది.

కాసిస్ సీసా

వ్యవసాయం గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. 1960లలో మొదలైన ఉమ్మడి వ్యవసాయ విధానం రైతుకు ధర గ్యారంటీ ఇచ్చింది. ఎంత పండిస్తే అంతా కొనాల్సి రావడంతో గోదాముల్లో వెన్న కొండలుగా పేరుకుంది. 1980ల మధ్యలో ఉమ్మడి బడ్జెట్లో మూడింట రెండొంతులకు పైగా సాగుకే పోయేది. కనీస మద్దతు ధర తెలిసిన మనకు ఈ కథ వివరించి చెప్పాల్సినది కాదు.

ఒకే మార్కెట్‌ను నిజంగా నిలబెట్టింది కోర్టు. లక్సెంబర్గ్‌లో ఉండే ఐరోపా న్యాయస్థానం 1964లో ఒక చిన్న కేసు విన్నది. ఇటలీ ప్రభుత్వం కరెంటు కంపెనీలను జాతీయం చేస్తే, ఒక కంపెనీలో వాటాలున్న మిలాన్ లాయరు ఒకాయన ఒళ్లుమండి కరెంటు బిల్లు కట్టనన్నాడు. బిల్లు రెండు వేల లీరాల లోపే, అంటే అప్పట్లో చిల్లర డబ్బు. ఆ చిల్లర పుణ్యాన, ఉమ్మడి చట్టానికీ దేశ చట్టానికీ పొసగకపోతే ఉమ్మడి చట్టమే పైది అని తీర్పు వచ్చింది. ఒప్పందంలో ఎక్కడా అలా రాసి లేదు. అంతటి మాట ఏ నాయకుడైనా ఎన్నికల సభలో అనుంటే పెద్ద గొడవే అయ్యేది. కోర్టు అనేసరికి అప్పట్లో పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు.

1979 నాటి కేసు ఇంకా సరదాగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో దిజోన్ దగ్గర ఒక రకం నల్లద్రాక్షలాంటి చిన్న పండ్లతో కాసిస్ అనే తియ్యటి మద్యం చేస్తారు. ఆల్కహాలు 15 నుంచి 20 శాతం ఉంటుంది. దాన్ని జర్మనీకి తెప్పిద్దామనుకున్న ఒక వ్యాపార సంస్థకు అధికారులు అడ్డం చెప్పారు. జర్మన్ చట్టం ప్రకారం పండ్ల లిక్కర్‌లో కనీసం 25 శాతం ఉండాలట. ఎందుకయ్యా అంటే, తక్కువ ఆల్కహాలున్న వాటికే మనిషి తొందరగా అలవాటు పడతాడని ప్రజారోగ్యం పేరుతో వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. ఒక దేశంలో చట్టబద్ధంగా తయారై అమ్ముడవుతున్న సరుకును, గట్టి కారణం చూపకుండా మరో దేశం ఆపడానికి వీల్లేదంది. ఈ ఒక్క సూత్రంతో పని ఎంత తేలికైందో చెప్పలేం. అంతకుముందు జామ్, చాక్లెట్, పాస్తా దేనికైనా అన్ని దేశాలకూ కలిపి ఒకే ప్రమాణం రాయాలని కూర్చునేవారు, ఏళ్లు గడిచేవి. ఇప్పుడు రాయకపోయినా ఫరవాలేదు, నీ సర్టిఫికెట్ నేను నమ్ముతాను, నాది నువ్వు నమ్ము అంటే సరిపోతుంది.

ఆ పునాది మీద 1985లో ఈ కూటమి పాలన చూసే ఐరోపా కమిషన్‌కు అధ్యక్షుడైన జాక్ దెలోర్ ఒకే మార్కెట్ పని పట్టాడు. దాదాపు 300 చట్టాల జాబితా, 1992 చివరిదాకా గడువు. జాబితా తయారుచేసిన కమిషనర్ బ్రిటన్ మనిషి లార్డ్ కాక్‌ఫీల్డ్, గట్టిగా వెనక నిలబడింది మార్గరెట్ థాచర్ ప్రభుత్వం. తర్వాత ఆ మార్కెట్‌లోంచి లేచి వెళ్లిపోయిన ఒకే ఒక్క దేశం బ్రిటనే కావడం తమాషా. వెళ్లాక కూడా ఉత్తర ఐర్లాండ్ సరిహద్దులో సాసేజ్‌లకు తనిఖీ ఎక్కడ చేయాలన్న దాని మీద ఏళ్లపాటు తల పట్టుకుంది. ఒకసారి ప్రమాణాలు కలిశాక విడదీయడం కలపడం కంటే కష్టం.

ఈ మార్కెట్ బలం దాని సరిహద్దుల దగ్గర ఆగదు. గోదావరి జిల్లాల రొయ్య రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. ఐరోపాకు పోయే చెరువు రొయ్యకు పట్టుబడికి ముందే యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష జరిగి సర్టిఫికెట్ రావాలి. 2016లో ఐరోపా సమాఖ్య మన రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల దాకా తగిలింది. ఒక్క బెల్జియమో, ఒక్క ఇటలీయో రూలు పెడితే వేరే దేశం చూసుకుంటాం అనొచ్చు. దాదాపు 45 కోట్ల మంది కొనేవాళ్లున్న మార్కెట్ ఒకే గొంతుతో చెబితే వినక తప్పదు.

మార్కు మీద బెంగ

సరుకులు స్వేచ్ఛగా తిరుగుతుంటే డబ్బు విలువలు రోజూ మారడం ఇబ్బంది. 1971లో డాలరుకు, బంగారానికి లంకె తెగిపోయాక ఐరోపా కరెన్సీలు ఎటు పడితే అటు ఊగడం మొదలుపెట్టాయి. ఒకదానికొకటి కట్టేసుకుందామని రెండుసార్లు ప్రయత్నించాయి. 1979లో మొదలైన రెండో ఏర్పాటు కొంత నిలబడింది. నిలబడింది అంటే, అందరూ జర్మన్ మార్కును పట్టుకుని నిలబడ్డారని. జర్మన్ కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచితే పారిస్, రోమ్ కూడా పెంచాలి, అక్కడ నిరుద్యోగం ఎంతున్నా సరే. ఫ్రాన్స్‌కు ఇది గిట్టలేదు. జర్మన్ బ్యాంకు చెప్పినట్టు నడవడం కన్నా, తనకూ ఓటున్న ఉమ్మడి బ్యాంకు ఉంటే నయం కదా?

బెర్లిన్ గోడ కూలాక, జర్మనీ మళ్లీ ఒకటి కావడానికి ఒప్పుకున్నందుకు ఫ్రాన్స్ అడిగిన మూల్యమే మార్కును వదులుకోవడం అని చాలామంది చెబుతారు. కథ వినడానికి బాగుంటుంది, తేదీలు మాత్రం పూర్తిగా ఒప్పుకోవు. ఉమ్మడి కరెన్సీకి దశలవారీ ప్లాను రాసిన దెలోర్ నివేదిక 1989 ఏప్రిల్‌లోనే వచ్చింది, గోడ కూలింది నవంబరులో. గోడ చేసిందేమిటంటే, అప్పటిదాకా నానుస్తున్న జర్మన్ ఛాన్సలర్ హెల్ముట్ కోల్‌ను డిసెంబరు స్ట్రాస్‌బర్గ్ సమావేశంలో ఒప్పందం చర్చలు మొదలుపెట్టే తేదీకి ఒప్పుకునేలా చేసింది. జర్మనీ కూడా ఊరికే ఇవ్వలేదు. కొత్త బ్యాంకు జర్మన్ బ్యాంకు అచ్చులోనే ఉండాలి, ప్రభుత్వాల మాట వినకూడదు, ధరల అదుపే దాని ధర్మం, ఒక దేశం అప్పుకు ఇంకో దేశం బాధ్యత వహించకూడదు అని రాయించుకుంది. 1992 ఫిబ్రవరిలో మాస్ట్రిక్ట్ పట్టణంలో సంతకాలయ్యాయి. లోటు జీడీపీలో 3 శాతం దాటకూడదు, అప్పు 60 శాతం దాటకూడదు అన్న గీతలూ అక్కడివే.

ఉమ్మడి ఖజానా గురించి ఎవరూ ఆలోచించలేదని కాదు. ఆర్థికవేత్తలు అప్పుడే చెప్పారు. ఖజానా అంటే పన్ను, పన్ను అంటే ఓటరు, ఓటరు అంటే 1954లా మళ్లీ షాక్. డెన్మార్క్ ప్రజలు ఉన్న ఒప్పందాన్నే 1992 జూన్‌లో రెఫరెండంలో తిప్పికొట్టారు. ఫ్రాన్స్‌లో బొటాబొటిగా 51 శాతంతో గట్టెక్కింది. కాబట్టి ముందు డబ్బు కలుపుదాం, తర్వాత అవసరమే ఖజానాను తోసుకొస్తుంది అని సర్దుకున్నారు. ఇల్లు కట్టేటప్పుడు పైకప్పు సంగతి వాన పడ్డప్పుడు చూద్దాం అన్నట్టే ఇది.

2002 జనవరిలో నోట్లు చేతికొచ్చాయి. వాటి మీద వంతెనల బొమ్మలుంటాయి. అవేవీ నిజమైన వంతెనలు కావు. ఏ దేశం వంతెన వేసినా మిగతావి అలుగుతాయని ఊహించి గీసినవి. తర్వాత నెదర్లాండ్స్‌లో స్పైకనిస్సె అనే ఊరివాళ్లు ఆ నోట్ల మీది వంతెనలను చూసి, అదే ఆకారంలో, అవే రంగుల్లో కాలువల మీద నిజంగా ఏడు వంతెనలు కట్టేశారు. ముందు నోటు, తర్వాత వంతెన.

ఏథెన్స్ ఏటీఎంల దగ్గర

గ్రీస్ 2001లో యూరోలో చేరింది. చేరడానికి చూపించిన లోటు లెక్కలు సరైనవి కావని 2004లోనే బయటపడింది. పెద్దగా ఎవరూ కంగారుపడలేదు. 3 శాతం గీతను జర్మనీ, ఫ్రాన్స్‌లే దాటేసి, 2003 నవంబరులో శిక్షను ఆపించుకున్నాయి. పెద్దన్నలే గీత దాటితే తమ్ముడిని ఏమంటారు?

అసలు విషం అబద్ధపు లెక్కల్లో కన్నా వడ్డీలో ఉంది. 1990ల తొలినాళ్లలో గ్రీస్ ప్రభుత్వం పదేళ్ల అప్పు తేవాలంటే ఇరవై శాతం చుట్టుపక్కల వడ్డీ ఇచ్చుకోవాల్సి వచ్చేది. యూరో వచ్చాక, 2005 నాటికి గ్రీస్ వడ్డీకీ జర్మనీ వడ్డీకీ తేడా పావు శాతానికి పడిపోయింది. ఒప్పందంలో ఒకరి అప్పు ఒకరు తీర్చరని స్పష్టంగా రాసి ఉన్నా, అప్పిచ్చే బ్యాంకులు ఆ మాట నమ్మలేదు. ఇబ్బందొస్తే జర్మనీ ఊరుకుంటుందా అనుకున్నాయి. ఫ్రెంచ్, జర్మన్ బ్యాంకుల డబ్బు దక్షిణానికి పారింది. గ్రీస్‌లో ప్రభుత్వం అప్పు చేసింది. స్పెయిన్, ఐర్లాండ్‌లలో ప్రభుత్వాలు క్రమశిక్షణగానే ఉన్నాయి, అక్కడ ఇళ్ల మీద ప్రజలు, బిల్డర్లు అప్పు చేశారు. ఈ తేడా ముఖ్యం. సంక్షోభమంతా దక్షిణాది వాళ్ల బాధ్యతలేనితనం అని ఉత్తరాది పత్రికలు రాసిన కథకు స్పెయిన్ ఒక్కటే చాలు జవాబుగా. 2007లో స్పెయిన్ బడ్జెట్‌లో మిగులుంది.

2009 అక్టోబరులో కొత్తగా వచ్చిన గ్రీస్ ప్రభుత్వం, లోటు పాత సర్కారు చెప్పినట్టు 6 శాతం లోపు కాదు, 12 దాటిందని చెప్పింది. లెక్క పూర్తిగా తేలేసరికి 15 కూడా దాటింది. అప్పిచ్చేవాళ్లు మాయమయ్యారు. సొంత డబ్బున్న దేశమైతే ఇలాంటప్పుడు ఒక దారి ఉంటుంది. గ్రీస్ పాత కరెన్సీ డ్రాక్మానే ఉండి ఉంటే దాని విలువ పడిపోతుంది, దిగుమతులు ఖరీదవుతాయి, జనం నొచ్చుకుంటారు, కానీ ఎగుమతులూ టూరిస్టులూ పెరిగి రెండు మూడేళ్లలో ఊపిరి ఆడుతుంది. ఒకే దేశంలో ఒక రాష్ట్రమైతే ఇంకో దారి ఉంటుంది. అక్కడి నుంచి పన్ను తక్కువ పోతుంది, కేంద్రం నుంచి పింఛన్లు, పథకాల డబ్బు వస్తూనే ఉంటుంది. గ్రీస్‌కు డ్రాక్మా లేదు, కేంద్రమూ లేదు. మిగిలింది ఒకటే, జీతాలు, పింఛన్లు కోసి ధరలను కిందికి దించడం.

2010 మేలో 11 వేల కోట్ల యూరోల అప్పు ఇచ్చారు. సాయం అన్నారు గానీ, ఆ డబ్బులో పెద్ద భాగం పాత అప్పుల కిస్తీల కింద బయటి బ్యాంకులకే వెళ్లింది. ఆ బ్యాంకులు తమ పెట్టుబడి వెనక్కి తీసుకున్నాక, 2012 మార్చిలో మిగతా ప్రైవేటు అప్పుదారులకు బాండ్ల ముఖ విలువలో సగానికి పైగా కోత పెట్టారు. అదే కోత రెండేళ్ల ముందు పెట్టి ఉంటే నష్టం అప్పిచ్చినవాళ్లు కూడా పంచుకునేవాళ్లు. ఆలస్యం వల్ల భారం బ్యాంకుల నుంచి ఐరోపా పన్నుదారుల మీదికి, అక్కడి నుంచి షరతుల రూపంలో గ్రీకు పింఛనుదారుల మీదికి బదిలీ అయింది. కనీస వేతనం ఒక్క దెబ్బకు 22 శాతం తగ్గించారు. నిరుద్యోగం 27 శాతం దాటింది. దేశ ఆదాయంలో పావు వంతు ఆవిరైంది. పొదుపు చర్యలతో ఆర్థిక వ్యవస్థ ఇంతగా కుంగుతుందని అంచనా వేయలేకపోయామని ఐఎంఎఫ్ 2013లో తానే ఒప్పుకుంది.

మంట స్పెయిన్‌కు, ఇటలీకి పాకింది. 2012 జులైలో స్పెయిన్ పదేళ్ల అప్పు వడ్డీ ఏడున్నర శాతం దాటింది. అదే నెల 26న లండన్‌లో ఐరోపా కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు మారియో ద్రాగి, తమ అధికార పరిధిలో యూరోను కాపాడటానికి ఏం చేయాల్సి వస్తే అది చేస్తామన్నాడు. ఒక్క వాక్యం. అవసరమైతే దేశాల బాండ్లను లెక్కలేకుండా కొంటామని దాని అర్థం. ఆ పథకం కింద నేటికీ ఒక్క బాండు కూడా కొనలేదు, మాటకే వడ్డీలు దిగొచ్చాయి. ఎన్నికైన నాయకులు మూడేళ్లలో డజన్లకొద్దీ సమావేశాలు పెట్టి చేయలేకపోయినది ఎన్నిక కాని బ్యాంకరు చేశాడు. ఇది యూరోకు ఊపిరి పోసింది. ప్రజాస్వామ్యానికి ఏం చేసిందన్నది వేరే ప్రశ్న, దానికి మూడేళ్లకే ఏథెన్స్‌లో జవాబొచ్చింది.

2015 వేసవిలో గ్రీస్‌లో బ్యాంకులు మూతపడ్డాయి. ఏటీఎంలో కార్డుకు రోజుకు 60 యూరోలే. ఆ వరసల్లో నిలబడుతూనే జనం జులై 5న రెఫరెండంలో షరతులకు 61 శాతంతో వద్దన్నారు. వారం తిరిగేసరికి ప్రధాని సిప్రాస్ బ్రసెల్స్‌లో రాత్రంతా, పదిహేడు గంటలు కూర్చుని అంతకంటే గట్టి షరతులకే తలూపి వచ్చాడు. గ్రీకుల ఓటు అబద్ధం కాదు. అవతల అప్పిచ్చే పద్దెనిమిది దేశాల్లోనూ ఓటర్లున్నారు, వాళ్లూ వద్దంటున్నారు. ఉమ్మడి ఖజానా ఉంటే ఉమ్మడి పార్లమెంటులో వాదన జరిగేది. అది లేక వాదన ఒక దేశ ప్రజలకూ ఇంకో దేశ ప్రజలకూ మధ్య జరిగింది, డబ్బున్నవాళ్లు నెగ్గారు. మన 2016 నవంబరు క్యూలు గుర్తొస్తే, ఆ 60 యూరోల వరసలో మనిషి అవస్థ ఊహించుకోవడం తేలికే.

వాన పడ్డాక పైకప్పు

ఇంత జరిగినా ఉమ్మడిగా అప్పు చేయడానికి జర్మనీ ససేమిరా అంది. 2020లో కోవిడ్ వచ్చేదాకా.

ఈసారి ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. మొదట దెబ్బతిన్న ఇటలీ ఏ లెక్కా దాచలేదు. మేలో జర్మన్ ఛాన్సలర్ మెర్కెల్, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ కలిసి ఉమ్మడి అప్పుకు సరేనన్నారు. జులై 17న మొదలైన బ్రసెల్స్ సమావేశం 21 తెల్లవారుజామున గానీ ముగియలేదు. నెదర్లాండ్స్, ఆస్ట్రియా, స్వీడన్, డెన్మార్క్ పట్టుబట్టి గ్రాంట్లను తగ్గించాయి, ఒప్పుకున్నందుకు తమ బడ్జెట్ చందాల్లో రాయితీ కొట్టేశాయి. చివరికి 75 వేల కోట్ల యూరోలు సమాఖ్య పేరు మీద అప్పు తేవడానికి, అందులో 39 వేల కోట్లు తిరిగి ఇవ్వనక్కర్లేని గ్రాంటుగా పంచడానికి ఒప్పందమైంది. అందరికంటే పెద్ద వాటా ఇటలీకి.

1790లో అమెరికాలో తొలి ఆర్థిక మంత్రి హామిల్టన్ రాష్ట్రాల యుద్ధపు అప్పులను కేంద్రం నెత్తికెత్తుకున్న సంగతితో దీన్ని పోల్చారు చాలామంది. పోలిక కొంతే నిజం. హామిల్టన్ పాత అప్పులు తీసుకున్నాడు, తీర్చడానికి సుంకాలు వేసే అధికారం ఆయన కేంద్రానికి ఉంది. ఇక్కడ పాత అప్పులు ఎవరివి వాళ్లవే, కొత్తది ఈ ఒక్కసారికే అని రాసుకున్నారు, తీర్చే పన్ను ఇంకా పుట్టలేదు.

ఈ ఒక్కసారికే అన్నది ఎంతకాలం నిలిచిందో చూడాలి. యుక్రెయిన్ యుద్ధంలో స్తంభింపజేసిన రష్యా సొమ్ములో ఎక్కువ భాగం బ్రసెల్స్‌లోని యూరోక్లియర్ అనే సంస్థ దగ్గరుంది. దాన్ని ఆధారం చేసుకుని యుక్రెయిన్‌కు అప్పిద్దామని 2025లో నెలలపాటు చర్చించారు. రేపు కేసులు పడితే మా మీదికొస్తుందని బెల్జియం అడ్డం తిరిగింది. చివరికి డిసెంబరు సమావేశంలో, 9 వేల కోట్ల యూరోలు మళ్లీ ఉమ్మడిగానే అప్పు తేవాలని నిర్ణయించారు. హంగరీ, స్లొవాకియా, చెక్ దేశాలు ఆ అప్పు బాధ్యత మాకొద్దన్నాయి, సరే మీరు పక్కన ఉండండి అన్నారు.

పక్కన ఉండటం ఇప్పుడొక పద్ధతే అయిపోయింది. విదేశాంగం, పన్నులు, కొత్త సభ్యులు, ఈ మూడింటికీ సమాఖ్యలోని 27 దేశాలూ ఒప్పుకోవాలి, ఒక్కటి కాదన్నా ఆగిపోతుంది. 2023 డిసెంబరు 14న యుక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టాలా అన్న ప్రశ్న వచ్చింది. హంగరీ ప్రధాని ఒర్బాన్ వ్యతిరేకం. జర్మన్ ఛాన్సలర్ షోల్జ్, కాసేపు కాఫీకి వెళ్లి రండి అన్నాడట. ఒర్బాన్ గది బయటికి వెళ్లాడు, మిగతా 26 మంది ఏకగ్రీవంగా తీర్మానం చేశారు. పంచాయతీ సమావేశాల్లో ఇలాంటివి మనం చూడనివి కావు. ఆరు దేశాల కోసం రాసుకున్న వీటో హక్కు 27 మంది చేతిలో ఉంటే ఇలాంటి తలుపులు వెతుక్కోక తప్పదు. వీటో తీసేయాలన్నా ఒప్పందం మార్చాలి, దానికీ అందరూ ఒప్పుకోవాలి. 2005లో ఐరోపా రాజ్యాంగం పేరుతో రాసిన ఒప్పందాన్ని ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ఓటర్లు మూడు రోజుల తేడాలో తిరస్కరించినప్పటి నుంచి, కొత్తగా రెఫరెండాలు రప్పించే పని అంటే నాయకులకు టెన్షనే.

ఇక మిగిలింది 2020 అప్పు. అసలు తీర్చడం 2028లో మొదలై 2058 దాకా సాగాలి. 2028 నుంచి 2034 వరకు ఏడేళ్లకు దాదాపు రెండు లక్షల కోట్ల యూరోల బడ్జెట్‌ను కమిషన్ 2025 జులైలో ప్రతిపాదించింది. అందులోనే అప్పు తీర్చడానికి సొంత ఆదాయ మార్గాలు కూడా పెట్టింది: పొగాకు పన్నులో వాటా, సేకరించకుండా వదిలేసిన ఎలక్ట్రానిక్ చెత్త మీద రుసుము, పెద్ద కంపెనీల టర్నోవర్‌ను బట్టి చందా, దిగుమతయ్యే ఉక్కు, సిమెంటు లాంటి వాటి కార్బన్ సుంకంలో భాగం. కంపెనీల చందాకు జర్మనీ వెంటనే నో చెప్పింది. పొగాకు వాటా స్వీడన్‌కు నచ్చలేదు. ఇవేవీ ఒప్పుకోకపోతే సభ్యదేశాలే చందా పెంచుకోవాలి, లేదా రైతులకు, వెనకబడిన ప్రాంతాలకు ఇచ్చేదాంట్లో కోసి తీర్చాలి. ఏ దారి ఎంచుకున్నా ముందు 27 ప్రభుత్వాలూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి, కొత్త ఆదాయ మార్గమైతే ఆ పైన ప్రతి దేశమూ తన రాజ్యాంగం ప్రకారం విడివిడిగా ఆమోదించాలి. ఆ వరసలో సోఫియా పార్లమెంటూ ఉంది.